మగ్గం ఆపినట్టే గోలీలు ఆపాం

ఆ రోజు నాడె నా చేతిలోనే ఉండిపోయింది.

మాది గద్వాల. మేం నేసే చీరకు నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ప్రతి వరుసలోనూ నూలు పోగూ పట్టు పోగూ ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకోవాలి. అందుకే మగ్గం గుంటలో ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం. అడ్డపోగును మోసుకెళ్లే నాడెను మా ఆయన వదిలితే నేను అందుకోవాలి, నేను వదిలితే ఆయన అందుకోవాలి. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన ఏడాది నుంచీ ఇదే పని. ఊరి ముచ్చట్లన్నీ చెప్పుకుంటూ నేసినా చెయ్యి తప్పేది కాదు.

ఆ పొద్దున నా వంతు వచ్చింది, నేను కదల్లేదు. నాడె చేతిలో ఉందని తెలుసు. విసరాలని తెలుసు. ఎందుకు విసరాలో మాత్రం తెలియలేదు.

"ఏందే పద్మా, నిద్రొస్తుందా?" అన్నారు ఆయన.

"లేదు."

"మరేంది?"

"తెల్వదు."

మా అత్తమ్మ బయట వసారాలో కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతోంది. ఆమె కళ్లు మందగించాయి గానీ చెవులు చురుకు. మగ్గం చప్పుడు వింటూనే పని ఎట్లా సాగుతుందో చెప్పేస్తుంది. "ఏమ్రా నర్సిములూ, మగ్గం కుంటుతుందేంది? ఒంటికాలు మీద నడుస్తున్నట్టుంది," అని అక్కడినుంచే అడిగింది. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. అదే నాకు భయమేసింది.

తర్వాత రోజురోజుకూ అంతే. తెల్లవారకముందే మెలకువ వచ్చేది, లేవబుద్ధి అయ్యేది కాదు. అన్నం తింటే మన్ను తిన్నట్టుండేది. తల దువ్వుకోవడం కూడా కొండంత పనైంది. అత్తమ్మ దిష్టి తీసింది. దిష్టి పోలేదు, ఆమె ఓపిక పోయింది. "మేమూ కాపురం చేసినం, మగ్గంల కూసున్నం. గింత మంకుతనం ఎన్నడెరుగం," అనేది. నేను బదులు చెప్పేదాన్ని కాదు. బదులు చెప్పే కోడలే ఆమెకు అలవాటు, అందుకే నా ఊరకుండటం ఆమెకు ఇంకా కోపం తెప్పించేది.

గుండెలో దడ అంటే మా ఆయన దవాఖానకు తీసుకుపోయి ఈసీజీ తీయించారు. నీరసం అంటే రక్తం టెస్ట్, థైరాయిడ్ టెస్ట్ చేయించారు. "అన్నీ నార్మల్" అన్నారు డాక్టరు. మా ఆయన ముఖం వెలిగింది. నేను మాత్రం ఆ రిపోర్టు కాగితాల వైపే చూస్తూ ఉన్నాను. రోగం లేకపోతే నేను ఎందుకు లేవలేకపోతున్నాను? ఇది నా చేతగానితనమేనా?

ఆ డాక్టరు మంచివాడు. కాగితాలు పక్కన పెట్టి, "అమ్మా, బతకాలని అనిపిస్తుందా?" అని అడిగారు.

పక్కన ఆయన ఉన్నారు. అయినా నోటివెంట వచ్చేసింది. "నేను లేకుంటె వీళ్లకు సులువైతదనిపిస్తుంది సార్."

మా ఆయన నా వైపు తిరగలేదు. బెంచీ మీద ఉన్న నా చెయ్యి పట్టుకున్నారు, దవాఖాన గేటు దాటేదాకా వదల్లేదు. నలుగురి ఎదుట ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఆ డాక్టరే మమ్మల్ని వనపర్తిలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఊళ్లో ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాం. అక్కడ వరసలో బిజినేపల్లి నుంచి వచ్చిన ఒక ముసలాయన నా పక్కన కూర్చున్నాడు. నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోవడం చూసి, "ఎవ్వరు చూస్తరని బిడ్డా? చూసేటోడు గూడ ఈడికే వచ్చిండు గదా," అన్నాడు. కొంగు దించేశాను.

డాక్టరమ్మ తొందరపడకుండా అన్నీ అడిగింది. "ఇది డిప్రెషన్. పిచ్చి కాదు, సోమరితనం కాదు. టాబ్లెట్ రాస్తున్నాను. దీని గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో సైడ్ ఎఫెక్ట్స్ రావచ్చు, కడుపులో తిప్పుతుంది, నోరు ఎండుతుంది. ఏం ఇబ్బంది అయినా నాకు చెప్పాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ఎక్కువైతే ఒక్క పూట కూడా ఆగొద్దు, వచ్చేయాలి. ఈమెను ఒంటరిగా వదలకండి," అని మా ఆయనకు చెప్పింది. రాసిన గోలీలు ఆయన దగ్గరే ఉంచమంది.

చెప్పినట్టే అయ్యాయి. పొద్దున లేస్తే కడుపులో దేవినట్టుండేది. నోట్లో దూది కుక్కినట్టుండేది. గుణం మాత్రం కనిపించలేదు. జబ్బు ఒకటి, మందు ఒకటి, రెండూ కలిసి నన్ను చెరోవైపు లాగుతున్నట్టు అనిపించేది. మానేస్తానని అంటే మా ఆయన, "ఇంగో నాలుగొద్దులు చూద్దాం తియ్యి," అనేవారు. అట్లా నాలుగొద్దులు, నాలుగొద్దులు అంటూనే గడిపించారు.

ఒక మధ్యాహ్నం అన్నంలో పచ్చిపులుసు పోసుకుని తింటూ, ఏమీ అనుకోకుండానే, "ఉప్పెక్కువైందత్తా," అన్నాను.

అత్తమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగింది. "ఏమన్నవ్?"

"ఉప్పెక్కువైందంటున్న."

"ఇన్నొద్దులకు నా వంటకు వంక పెట్టినవ్. ఇగ బతికినవ్ తియ్యి," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ పులుసు ఆమె కూడా తిని, "నిజమే, ఉప్పే తాగినట్టుంది," అంది. ముగ్గురం నవ్వాం. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

మళ్లీ మగ్గంలో కూర్చున్నాను. అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఆ గోలీల వల్ల నా వేళ్లు వణుకుతున్నాయి. అరచేతుల్లో చెమట కారుతోంది. నాడె వరకు ఫరవాలేదు గానీ, కొంగు దగ్గర అట్లా కాదు. నూలు పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయే చోట పట్టు పడుగు అతకాలి. పాత పోగు కొనా కొత్త పోగు కొనా కలిపి, వేళ్లకు కాస్త బూడిద రాసుకుని మెలిపెట్టాలి. చీర వెడల్పున ఎన్ని పోగులుంటే అన్నీ అట్లాగే, ఒక్కొక్కటీ. ఆ పని మా ఇంట్లో నాది. వణికే వేళ్లకు పట్టుపోగు చిక్కదు. చెమట తగిలితే పట్టుకు మరక పడుతుంది, జరీ నల్లబడుతుంది. అప్పుడు మగ్గం మీద ఉన్నది ఎవరిదో పెళ్లి చీర.

నా చేతులు నేను చూసుకుంటూ కూర్చుంటే అత్తమ్మ అంది. "చీర దిగేదాక గోలీలు ఆపరాదు? చావుకు పోయినా, పెండ్లికి పోయినా మగ్గం ఆపుతం. వచ్చినంక ఆపిన కాడ్నుంచే నేస్తం. పోగేమన్న తక్కువైతదా?"

మాకు అది న్యాయంగానే తోచింది. మగ్గం అట్లాంటిదే మరి. ఎన్ని రోజులు వదిలేసి పోయినా చీర ఎక్కడికీ పోదు, చివరి వరుస దగ్గరే మనకోసం ఆగి ఉంటుంది. ఒంట్లో మందు కూడా అట్లాగే ఆగి ఉంటుందనుకున్నాం. ఆయన గోలీల డబ్బా గూట్లో పైన పెట్టేశారు.

మొదట చేతులు నిమ్మళించాయి. అత్తమ్మ, "చూసినవా?" అంది. ఆ తర్వాత తల తిప్పితే చాలు, కళ్ల వెనక కరెంటు తీగ తగిలినట్టు చురుక్కుమనేది. నడుస్తుంటే పడవలో ఉన్నట్టుండేది. కారణం లేకుండా ఏడుపు, కారణం లేకుండా కోపం. అవి కూడా ఓర్చుకున్నాను. కానీ వాటి వెనకే ఆ పాత బరువు తిరిగి వచ్చింది. ఈసారి ఇంకా దగ్గరగా వచ్చింది. నేను లేకపోతే నయమన్న మాట ఇదివరకు ఎప్పుడో ఒకసారి తోచేది, ఇప్పుడు రోజంతా పక్కనే కూర్చుని చెబుతున్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం మా ఆయన రంగు వేసిన నూలు తేవడానికి పోయారు. నేను మగ్గం గుంటలో ఒంటరిగా ఉన్నాను. ఆ ఆలోచన ఎంత గట్టిగా పట్టిందంటే, గుంటలోంచి బయటికి అడుగు పెడితే ఏం చేసుకుంటానో అని నా మీద నాకే నమ్మకం పోయింది. మగ్గం దూలాన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

"అత్తా," అని పిలిచాను. మళ్లీ పిలిచాను. "అత్తా, ఈడికి రా. నన్ను ఇడిసి ఎటూ పోకు."

ఆమె ఎందుకని అడగలేదు. మోకాళ్ల నొప్పులతో ఏళ్ల నుంచి నేల మీద కూర్చోనిది, గోడ పట్టుకుంటూ వచ్చి గుంట అంచున చతికిలబడింది. నా ముఖం చూసింది. తన కొంగు తీసి నా కొంగుకు ముడి వేసింది, రెండు ముళ్లు.

"ఇగ ఏడికి పోతవో పో, చూస్త. పోతే ఈ ముసల్దాన్ని గుంజుకపోవాలె. నేను బరువుంట," అంది.

నవ్వించడానికే అంది. పక్కింటావిడను కేకేసి కొడుక్కు ఫోన్ చేయించింది. ఆయన వచ్చేదాకా ఆ ముడి విప్పలేదు. ఆయన వచ్చి విప్పబోతే, "నువ్వు పట్టుకో ముందుగాల, అప్పుడు ఇప్పుత," అంది.

అప్పటికప్పుడే ముగ్గురం వనపర్తి పోయాం. డాక్టరమ్మ, "టాబ్లెట్ ఎవరు ఆపమన్నారు?" అని అడిగింది.

"నేనే అన్న బిడ్డా," అంది అత్తమ్మ. "మగ్గం లెక్కనే అనుకున్న."

డాక్టరమ్మ కోప్పడలేదు. నా వైపు చూసి, "చేతులు వణుకుతున్నాయని నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది.

"మీరు మంచి మందిచ్చిండ్రు మేడమ్. పానం నిలబెట్టిన మందుకు వంక ఎట్ల పెట్టాలె?"

"వంక పెట్టాలి. మీరు చెప్పకపోతే నాకు తెలిసేదెట్లా? మందు అకస్మాత్తుగా ఆపితే ఒళ్లు ఇట్లా ఎదురు తిరుగుతుంది, దీన్ని విత్‌డ్రాయల్ అంటారు. దానితోపాటు జబ్బు కూడా తిరగబెట్టింది. మళ్లీ తక్కువ డోస్‌తో మొదలుపెడదాం. నిలదొక్కుకున్నాక, చేతులు వణికించని వేరే టాబ్లెట్ చూద్దాం. పాతది కొంచెం కొంచెం తగ్గిస్తూ, కొత్తది కొంచెం కొంచెం పెంచుతూ పోవాలి."

మా ఆయన అందుకున్నారు. "అంటే పడుగు అతికినట్టు అన్నమాట మేడమ్."

"అదేంటి?"

"కొత్త పడుగు ఎక్కియ్యాలంటె పాత పోగులు ముందే గుంజెయ్యం. పాత పోగు కొనకు కొత్త పోగు అతికి, మెల్లగ ముందుకు జరుపుతం. అతకకముందే పాతది గుంజితె మగ్గమే ఖాళీ అయితది. మల్ల మొదటిసంది ఎక్కియ్యాలె." ఆయన తన చేతులు చూసుకుంటూ, "మాకు తెల్సిన పనే. గోలీ కాడ తెలివి రాలె," అన్నారు.

డాక్టరమ్మ కలం కింద పెట్టి, "ఇక మీకు నేను వేరే చెప్పక్కర్లేదు," అంది.

ఇంటికి వచ్చాక అత్తమ్మ కొన్నాళ్లు నా మంచం పక్కనే పడుకుంది. ఆ పెళ్లికి వేరే ఇంటి చీర పోయింది. మా చీర మగ్గం మీదే ఉండిపోయింది. నిలదొక్కుకున్నాక మార్చిన కొత్త గోలీ కూడా తేలిగ్గా ఏమీ ఒంటబట్టలేదు. పొద్దున తల బరువుగా, మత్తుగా ఉండేది. చెబితే డాక్టరమ్మ పడుకునే ముందు వేసుకోమంది, అది సర్దుకుంది. ఒళ్లు కొంచెం వచ్చింది, నడవమంది, నడుస్తున్నాను. భార్యాభర్తల మధ్య తగ్గిపోయే కోరిక గురించి కూడా ఆమే అడిగింది. నేను తల దించుకుంటే, "ఇది కూడా సైడ్ ఎఫెక్టే, సిగ్గుపడితే మందు మార్చేదెట్లా?" అంది. చెప్పాను. దానికీ డోస్ సవరించింది.

ఒక రోజు వేళ్లకు బూడిద రాసుకుని ఆ చీర కొంగు దగ్గర కూర్చున్నాను. పోగులు చేతికి చిక్కాయి. ఇదివరకటి వేగం లేదు. మధ్యలో లేచి పోయాను, మళ్లీ వచ్చి కూర్చున్నాను. అతుకు పూర్తయ్యాక ఆయన వచ్చి పక్కన కూర్చుని నాడె వదిలారు. అందుకున్నాను. వసారాలో అత్తమ్మ కండెలు చుట్టే రాట్నం చప్పుడు కాసేపు ఆగింది. వింటోందని అర్థమైంది.

ఇప్పటికీ గోలీ వేసుకుంటున్నాను. చెడ్డ రోజులు ఇప్పటికీ వస్తాయి. వచ్చిన రోజు దాచకుండా చెబుతాను. తగ్గించేటప్పుడు డాక్టరమ్మే తగ్గిస్తుంది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. గోలీ ఇబ్బంది పెడితే ఆ సంగతి ఇంట్లో తేల్చుకోకండి, రాసిన డాక్టరుకే చెప్పండి. మీ అంతట మీరు ఆపకండి. నోరు రాకపోతే నోరున్నవాళ్లను వెంట తీసుకుపోండి. నేను మా అత్తమ్మను తీసుకుపోతాను. డాక్టరమ్మ, "ఎట్లున్నావు పద్మా?" అని అడగగానే, నేను బాగున్నానని చెప్పేలోపే అత్తమ్మ అందుకుంటుంది.

"ఏం బాగు బిడ్డా, నోరెండుతుందని దినాం చెంబెడు నీళ్లు తాగుతుంది. రాస్కో ముందు."