గిలక ఆపిన అరగంట

ఈ పొద్దు రేడియోవాళ్లు టేపు మిషన్ జీపులో ఏసుకోని రాజుపాలెం పక్కన మా పల్లెకొచ్చినారు. తాగేనీళ్లకు మేం పడే బాధలు మా నోటితోనే చెప్పల్లంట. తెల్లారినప్పటి నుంచి బావిలో అడుగు నీళ్లు చేదుతానే ఉండాం. గిలక కిర్రుమంటే మాటలు సరిగ్గా పడవని, అరగంట ఎవరూ బొక్కెన వెయ్యొద్దన్నాడు మిషనాయన. బిందెలు పక్కన పెట్టి, వానల్లేని కాడ నుంచి అన్నీ చెప్పినాం.

అంతా అయినాక, బావి చప్పుడు కూడా కావాల, ఒక్కసారి చేదండి అన్నాడు. పక్కింటి ఖాసింబీ బొక్కెన వదిలింది. అరగంటలో ఊట చేరిందేమో, దబ్బుమని పడి నిండుగా పైకొచ్చింది.

"నీళ్లు బాగానే ఉన్నాయి కదమ్మా," అన్నాడాయన.

"మీరు ఆపమంటిరి కాబట్టి ఊరినాయప్పా. ఇంకో నాలుగు బొక్కెన్లు చేదితే బురదే," అనింది ఖాసింబీ.

అప్పటికే ఆయన మిషన్ ఆపేసినాడు. బొక్కెన చప్పుడు పడింది గానీ, ఖాసింబీ మాట అందులో పడలేదు. నాలుగో బొక్కెనకు బురదొచ్చింది, చూసేదానికి జీపు లేదు.

ఆదివారం సాయంత్రం పంచాయతీ రేడియోలో వస్తాదంట. మీ ఊర్లో కూడా వినండి. మా మాటలు నమ్మినా నమ్మకపోయినా సరే, ఆ బొక్కెన చప్పుడు మాత్రం నమ్మొద్దండి.