కళాకారులు: ఆరు నంబర్లు

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. సర్కారు దగ్గర డబ్బుండి, అడిగేవాడు సరైన కాగితం మీద అడిగితే మంచి పని జరిగి తీరుతుందన్నది ఒకటి. ఆ సరైన కాగితం తయారుచేయడం నాకు వచ్చన్నది రెండోది. ఇరవై మూడేళ్ల మనిషికి ఇంతకంటే ముదిరిన జబ్బు ఉండదు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి పటాన్‌చెరు పక్క ఫ్యాక్టరీలో పనికొచ్చి ఇక్కడే రిటైరయ్యాడు. నేను ఆ చుట్టుపక్కలే ఒక మునిసిపాలిటీలో (పేరు చెప్పను, ఇంకా అక్కడే జీతం తీసుకుంటున్నాను) ఔట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. "ఎవరికీ సలహాలివ్వకు. నోరు మూసుకుని టైపు చేసుకోరా" అని అమ్మ మొదటిరోజే టిఫిన్ డబ్బాతోపాటు చెప్పి పంపింది. మూడు నెలలు ఆ మాట నిలబెట్టుకున్నాను.

మార్చి నెలలో మేనేజరు సారు నన్ను పిలిచి బడ్జెట్ పుస్తకం ముందుకు తోశాడు. దోమల మందుకీ, వీధికుక్కలు పట్టడానికీ మధ్య 'కళలు, సంస్కృతి: రెండు లక్షలు' అని ఒక వరుస ఉంది. "ఈ నెలాఖరుకు ఖర్చు గాకుంటే వాపస్ పోతయ్. వచ్చే యేడు పద్దే ఎత్తేస్తరు" అన్నాడు. పోయినేడు ఏం చేశారని అడిగాను. "పండుగకు లైట్లు పెట్టినం." అంతకుముందు? "గవే లైట్లు." అప్పుడే నేను నోరు తెరిచాను. మా వార్డులో యక్షగానం ఆడే తాత ఒకడున్నాడని, ఆ డబ్బుతో ఆయన చేత ఆట ఆడిద్దామని అన్నాను. సారు నన్ను కాసేపు జాలిగా చూసి, "సరే, ఫైలు నువ్వే పెట్టు" అన్నాడు.

ఆ తాతను అందరూ ధర్మరాజు తాత అనేవారు. నలభై ఏళ్లు ఆ వేషమే కట్టడంతో అసలు పేరు రేషన్ కార్డుకే మిగిలింది. కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ గేటు దగ్గర కాపలా కాసేవాడు. ఆయన భార్య ద్రౌపది, అల్లుడు దుర్యోధనుడు, ఇంకో ముగ్గురు చుట్టాలు, అంతా కలిసి ఆరుగురు. నాలుగేళ్లుగా ఎవరూ పిలవలేదు. గేటు దగ్గరికెళ్లి సంగతి చెబితే ఆయన మొదట అడిగింది డబ్బు గురించి కాదు. "సర్కారోళ్లు పిలుస్తున్నరా, మనమే పోయి అడిగినమా?" అన్నాడు. వాళ్లే పిలుస్తున్నారన్నాను (సగం నిజం).  "పిలిచిన్రంటే పోవాలె బిడ్డా" అన్నాడు. ఆ సాయంత్రమే వేషాల పెట్టె దించాడు. కిరీటానికి కొత్త బంగారు కాగితం అంటించాడు. జీతం పోయినా సరేనని రిహార్సలుకు మూడు రోజులు సెలవు పెట్టాడు.

ఇక్కడ నా ఫైలు మొరాయించింది. మూడు కొటేషన్లు కావాలన్నాడు సారు, ఇచ్చేవాళ్లకు జీఎస్టీ నంబరు కూడా ఉండాలన్నాడు. యక్షగానం ఆడేవాళ్లు ఈ చుట్టుపక్కల వీళ్లొక్కరేనని చెప్పాను. "ఒక్కరే అంటే ఆడిట్ల కొడ్తరు. ఇంకో రెండు పార్టీలను తే." లేరు సార్ అన్నాను. "లేకుంటెట్ల? పోటీ ఉండాలె గదా" అని ఆయన చాలా మామూలుగా అన్నాడు. రెండు రోజులు నిద్రపట్టక, చివరికి ఉపాయం నేనే కనిపెట్టాను. జీఎస్టీ నంబర్లున్నది టెంటుహౌస్ సేటుకూ, ఆయన ఇంట్లోవాళ్లకూ. ఆయన తన పేరున, భార్య పేరున, బావమరిది పేరున మూడు కొటేషన్లూ పావుగంటలో ఇచ్చేశాడు. వస్తువుల జాబితా నా చేత్తో నేనే టైపు చేశాను: షామియానా, మైకు సెట్టు, కుర్చీలు ఐదు వందలు, నీళ్ల సీసాలు పది పెట్టెలు, కళాకారులు ఆరు నంబర్లు, శాలువాలు పన్నెండు. సేటు అది చదివి, "కుర్చీకి ఎనిమిది రూపాయలు సారూ. మనిషికెంత ఎయ్యాలె?" అన్నాడు. రెండు వేలు వెయ్యమని నేను దాతలా చెప్పాను. ఆ రోజు ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్న గుర్తు కూడా ఉంది.

ఆట సాయంత్రం నాలుగింటికి, కాలనీ మైదానంలో. మూడింటికే ఆరుగురూ ముఖాలకు రంగు పూసుకుని సిద్ధమయ్యారు. పెద్దలు వచ్చేసరికి ఏడు కావచ్చింది. వాళ్లను కూర్చోబెట్టిన రేకుల షెడ్డు వేడికి ధర్మరాజు ముఖం మీద రంగు చారలు కట్టింది. వచ్చినవాళ్లంతా కళను బతికించుకోవాలని మాట్లాడారు. పన్నెండు శాలువాలూ వాళ్లకే సరిపోయాయి. అప్పుడు మేనేజరు సారు నా చెవిలో, "సేటు ఇంకో పెండ్లి ఒప్పుకున్నడట, టెంటు ఇప్పాలంటున్నడు. పది నిమిషాల్ల ముగించమను" అన్నాడు.

తెర వెనక్కి వెళ్లాను. తాత మీసం సరిచేసుకుంటున్నాడు. విషయం చెప్పాను. "జూదం ఘట్టం గంటన్నర బిడ్డా" అన్నాడు నెమ్మదిగా. "రాజ్యం ఓడాలె. తమ్ముండ్లను ఓడాలె. తనను తాను ఓడాలె. ఆఖరుకు ద్రౌపదిని ఓడాలె."

"కొంచెం జల్దీ ఓడిపో తాతా" అన్నాను.

(ఈ మాట అన్నది వేరెవరో అని రాద్దామని చాలాసేపు ఆలోచించాను. నేనే.)

తాత కిరీటం పెట్టుకున్నాడు. వేదికెక్కి మొదటి పందెంలోనే రాజ్యం పోగొట్టుకున్నాడు. తమ్ముళ్లు నలుగురినీ ఒకే పందెంలో పెట్టాడు. జనం నవ్వారు. తరవాత తనను తాను ఒడ్డే పద్యం ఎత్తుకున్నాడు. అది మాత్రం తొందరగా పాడలేకపోయాడో, పాడదలచుకోలేదో తెలియదు. సంచులు సర్దుకుని లేచిన ఆడవాళ్లు మళ్లీ కూర్చున్నారు. వెనకవరస నుంచి ఒడిశా కూలీలు ముందుకొచ్చి నిలబడ్డారు. ఆ కాసేపూ నా నమ్మకాలు రెండూ నిజమేననిపించింది. అంతలో మైకు ఆగింది. సేటు మనుషులు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చడం మొదలుపెట్టారు. తాత మైకు లేకుండానే పాడాడు. ఎవరో పక్క తెర కూడా ఊడదీశారు. దాని వెనక అరవై ఏళ్ల ద్రౌపది జుట్టు విరబోసుకుని, తన వంతు కోసం నిలబడి ఉంది. అందరూ ఆమెను చూశారు. ఆమె మెల్లగా జుట్టు ముడేసుకుంది.

బిల్లుకు ఫొటోలు కావాలి కనుక నేను అంతకుముందే వేదిక మీద ఉన్న వాళ్లను తీసి పెట్టుకున్నాను. నెల తరవాత ఆడిట్ నుంచి ఫైలు తిరిగొచ్చింది. 'కళాకారులు ఆరు నంబర్లకు గాను ఫొటోలో ఐదు మాత్రమే కలవు' అని రాసి, ఒకరి డబ్బు కోసేశారు. సేటు తన కమిషన్ పట్టుకుని ఇచ్చిన మిగతా డబ్బు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఒకరి డబ్బు ఎందుకు తగ్గిందో చెప్పాను. అవ్వ చాయ్ వడగడుతూ, "నేనాడలే గద బిడ్డా. కరెక్టుగనే కోసిన్రు" అంది. ఆమె ఎగతాళి చేసి ఉంటే నాకు బాగుండేది.

ఆ తరవాత వాళ్లు మళ్లీ ఆడలేదు. కార్యక్రమం మాత్రం విజయవంతమైందని రికార్డులో ఉంది. పూర్తిగా ఖర్చయినందుకు మరుసటి యేడు ఆ పద్దును మూడు లక్షలు చేశారు. దాన్ని సేటు డీజేతో ముగించాడు.

మొన్న వానాకాలంలో నేను జనన మరణాల సీటులో ఉండగా అవ్వ, అల్లుడు వచ్చారు. తాత పోయి వారమైందట. వివరాలు ఎక్కిస్తూ వృత్తి దగ్గర ఆగాను. కంపెనీ గుర్తింపు కార్డు అల్లుడు తెచ్చాడు. అయినా అవ్వనే అడిగాను. "యేషాలు కడ్తుండె అని రాయి బిడ్డా" అంది. కంప్యూటర్లో మనం రాయడానికి ఉండదు, జాబితాలోంచి ఎంచుకోవాలి. రైతు, కూలీ, ఉద్యోగి, వ్యాపారి, అలా కిందదాకా వెళ్లి, మళ్లీ పైకొచ్చి వెతికాను. చివరికి 'ఇతరములు' నొక్కాను.

"రాసినవా?" అంది అవ్వ.

"రాశానవ్వా" అన్నాను.

ఆ రోజుల్లో నేనైతే జాబితాలో ఒక్క మాట చేర్చమని పై ఆఫీసుకు మూడు పేజీల అర్జీ పెట్టి, జవాబు కోసం రోజూ తపాలా చూసుకునేవాణ్ణి. వాడు గుర్తొచ్చి కొంచెం నవ్వొచ్చింది. అవ్వ ముందు నవ్వకూడదని తల వంచుకుని, కాగితం మీద ముద్ర వేశాను.