వరదయ్య తాడు

కార్వేటినగరం పక్క పల్లెల్లో ఎవరు భూమి పంచుకున్నా వరదయ్య తాడు రావలసిందే. ఒక వాటా చుట్టూ తిరిగి ముడి దగ్గర కలిసిన తాడు, రెండవ వాటా చుట్టూ తిరిగి అదే ముడి దగ్గర కలిస్తే రెండూ సమానమన్నది ఆయన నమ్మకం. ఆ నమ్మకమే ఊరి కట్టుబాటు అయింది.

తన కూతుళ్లకూ ఆయన అలాగే పంచాడు. చిన్నది మహితకు చదరంగా ఉన్న నేల చెక్క. పెద్దది రూపశ్రీకి దానిని ఆనుకొని వాగువంక వెంబడి సాగిన పొడుగు చెక్క. ఏటా తిరుపతి పూలంగడికి మహిత బుట్టలే ఎక్కువగా వెళ్లేవి. "పెద్దదాని సేయి అచ్చిరాదప్పా" అని వరదయ్య నలుగురిలో అనేవాడు. తండ్రే అన్నాక ఊరు ఊరుకుంటుందా? తొలి నారు నాటడానికి రూపశ్రీని పిలవడం మానేశారు.

ఈ ఏడు అక్కచెల్లెళ్లు సమానంగా బంతినారు తెచ్చి, ఒకే కొలకర్రతో ఎడం చూసుకొని నాటారు. మహిత నారు గట్టు దాకా సరిపోయింది. రూపశ్రీకి నేల అయిపోయింది గాని నారు అయిపోలేదు.

పలచగా నాటి ఉంటుందని వరదయ్య విసవిసా వచ్చాడు. సాలు సాలుకూ కొలకర్ర పెట్టి చూశాడు, తేడా లేదు. తాడు విప్పి రెండు చెక్కలనూ చుట్టాడు. రెండు చోట్లా ముడి కలిసింది.

రూపశ్రీ తాడు కొసలు రెండూ కలిపి ఆయన చేతిలో పెట్టింది. నడిమి భాగం పట్టుకొని దూరంగా నడిచి బిగించి లాగింది. తాడు రెండు పేటలూ ఒకదానికొకటి అంటుకున్నాయి.

"తాడు అదే కదా నాయనా. ఇప్పుడు దీని లోపల ఎన్ని మొక్కలు పడతాయో సెప్పు."

వరదయ్య రెండు పేటల నడుమ వేలు దూర్చి చూశాడు. "గడ్డిపరక గూడా పట్టదే" అన్నాడు.

"అయితే నాయనా, అచ్చిరానిది అక్క సేయి కాదు, నీ తాడు" అంది మహిత.

ఆయన అంగలు వేసి చూశాడు. మహితది ముప్పైకి ముప్పై. రూపశ్రీది నలభై ఐదుకు పదిహేను. నాలుగు వైపులూ కూడితే రెండూ నూట ఇరవై. పొడవును వెడల్పుతో హెచ్చిస్తే ఒకటి తొమ్మిది వందలు, రెండవది ఆరు వందల డెబ్బై ఐదు. చుట్టుకొలత కంచెకు పనికివస్తుంది. మొక్క నిలిచేది వైశాల్యంలో.

వరదయ్య గట్టు మీద కూలబడ్డాడు. తాను పంచిన చెక్కలన్నీ కళ్ల ముందు తిరిగాయి. బాట పక్కన సన్నని చెక్క వచ్చిన కుప్పమ్మ, తక్కువైందని మొత్తుకుంటే కసిరి నోరు మూయించింది తానే.

మహితే ముందుగా వెళ్లి హద్దురాళ్లను కదిలించింది. రెండు చెక్కలూ సమానమయ్యేలా ముగ్గురూ కలిసి వాటిని నాలుగు అంగలకు కాస్త తక్కువగా ఆమె చెక్కలోకి జరిపి పాతారు.

వరదయ్య చేతులు దులుపుకొని పెద్ద కూతురి వైపు చూశాడు.

"పాపా, ఆ కొలకర్ర తీసుకొని నాతో రా. కుప్పమ్మ చెక్క కొలవాల. నీ సేతిలో తప్పు లేదని గూడా ఆడ నలుగురిలో నేనే సెప్పాల."

తాడు గట్టు మీదే ఉండిపోయింది.