అత్తమ్మతో అడవి అంచు నుంచి ఖమ్మం మెదడు డాక్టరు దాకా

మా అత్తమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టి ఎందుకు పెట్టిందో మరిచిపోవడం నిరుటి నుంచే ఉంది. మొన్న మాత్రం బర్రెలు తోలుకొస్తానని అడవిలోకి నడిచింది. మా బర్రెలు అమ్మి చాలా ఏళ్లయింది. కట్టెలకు వెళ్లినవాళ్లు చూసి వెనక్కి తెచ్చారు. తల కోయకుండా, బయటి నుంచే అయస్కాంతంతో మెదడును కదిలించే వైద్యం ఉందని మా ఆయన తను పనిచేసే గనిలో విన్నాడు. ఆయనకు సెలవు దొరకలేదు. పెళ్లయ్యాక మగతోడు లేకుండా ఖమ్మం వెళ్లడం నాకు ఇదే మొదలు.

మా ఊరు చండ్రుగొండ దగ్గర. తెల్లవారగానే ఆటోలో ఏన్కూరు చేరి, ఖమ్మం బస్సెక్కాం. రెండు గంటలు పడుతుంది. అత్తమ్మ జారిపోతుందేమోనని ఆమె కొంగును నా కొంగుకు ముడేసుకున్నాను. అయినా ప్రతి స్టాపులో లేచేది.

"నా బర్రెలు ఆడ్నే ఉన్నయ్, దిగుతా!"

"పెద్దమ్మా, బర్రెలకు గూడ టికెట్ కొట్టిన. ఎనక బస్సుల వస్తున్నయ్, కూసో," అన్నాడు కండక్టర్. అందరూ నవ్వారు. ఆమె నిమ్మళంగా కూర్చుంది.

దవాఖానాలో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అయస్కాంతం సంగతి గొణిగినట్టు అడిగాను.

"మెదడులోని రక్తనాళాల గోడ కంచె లెక్క ఉంటదమ్మా. చెడును ఆపుతది, చాలా మందులను గూడ ఆపుతది. ఈ మతిమరుపు జబ్బుల ఆ కంచెకు కంతలు పడ్తయంటున్నరు. అయస్కాంతం ఆ కంచెను బాగుచేస్తదా అన్నది ఇంకా పరీక్షలల్లనే ఉంది, పని చేస్తదని మాటియ్యలేను. ముందు ఈమెకు ఆ జబ్బేనా చూడాలె," అన్నాడు డాక్టరు.

నాకు మా మొక్కజొన్న చేను గుర్తొచ్చింది. అడవి పందులకు ఒక్క కంత చాలు.

"నీ కొడుకు పేరేందమ్మా?"

"సాయిలు," అంది అత్తమ్మ తడుముకోకుండా. అది చనిపోయిన ఆమె తమ్ముడి పేరు.

డాక్టరు నా వైపు చూశాడు. మా ఇళ్లలో భార్య మొగుడి పేరు పలకదు. నేను తల దించుకున్నాను. అవునన్నాననుకుని, "బాగానే చెప్పిందే," అంటూ రాసుకున్నాడు. జబ్బు లేదని పంపేస్తే మళ్లీ ఆ అడవే.

"కాదు సారూ, సాయిలు మా అత్తమ్మ తమ్ముడు. సచ్చిపోయిండు."

"మరి కొడుకు పేరు?"

కళ్లు మూసుకుని చెప్పేశాను.

అత్తమ్మ గిర్రున తిరిగింది. "ఏందే పిల్లా! మొగని పేరు నోట్ల తీస్తవా? నా కొడుకు ఇంటే ఏమనుకుంటడు?"

డాక్టరు కలం ఆగింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ పేరు కొడుకుదని ఆమె పోల్చుకుంది.

జబ్బు మొదలైందనే అన్నాడు డాక్టరు. స్కానింగు రాశాడు, హైదరాబాద్‌లో అయస్కాంతం పరీక్షలకు ఈమెను తీసుకుంటారేమో కనుక్కుంటానన్నాడు. తిరుగు బస్సులో, "నువ్వెవరి పిల్లవే?" అని అత్తమ్మ నన్నడిగింది. "మీ పిల్లనే," అన్నాను. కొంగు ముడి విప్పలేదు. ఆ కంచె లోపల ఏది ముందు పోతుందో, ఏది చివరిదాకా ఉంటుందో ఎవరికీ కనిపించదు.

మీరూ ఇలా వెళ్తుంటే, ఇంటివాళ్ల పేర్లూ చనిపోయినవాళ్ల పేర్లూ కాగితం మీద రాయించి ముందే డాక్టరుకు ఇవ్వండి. మా ఆయన పేరు ఇక్కడ రాయలేదు. మళ్లీ నోట తీస్తే అత్తమ్మ కోప్పడాలి. కోప్పడకపోతే ఎలాగన్నదే నా భయం.