చిక్కిపోతున్న ముఖాలు

"మౌస్ ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా!"

"విరిచెయ్, వదినా. ఆ మూడూ పీకి పారేస్తే గానీ ఈ సైటు కదలదు. పేజీ తెరుచుకునేలోపు పెళ్ళికొడుకు ముసలాడైపోతున్నాడు!"

ఫోటో స్టూడియోలో వదినా మరుదుల గొడవ విని, ఫ్రేము కోసం వచ్చినావిడ మెట్ల మీదే ఆగిపోయింది.

వదిన ఒట్టి పిరికిది. గ్యాస్ కట్టేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి చూస్తుంది. తాళం వేశాక దాన్ని పట్టుకుని వేలాడుతుంది. స్టూడియో వెబ్‌సైటునూ అలాగే సాకింది. ఫోటోల బరువుకు పేజీ నెమ్మదిస్తే, వాటి బరువు తగ్గించి చిక్కించే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి సైటుకు తగిలించింది. మళ్ళీ నెమ్మదిస్తే, ఉన్నదాన్ని తీయడానికి భయపడి దాని మీద ఇంకోటి. ఆ పైన మూడోది. ఒకటి చిక్కించిన ఫోటోను రెండోది కొత్తదనుకుని మళ్ళీ పిండేది. మూడోది వాటికి నకళ్ళు తీసి పేజీలో పెట్టేది. సర్వర్ పొద్దస్తమానం ఆ చాకిరీలోనే మునిగి ఉంటే, వచ్చినవాళ్ళకు తలుపు తీసేదెవరు?

ఊరికే భయం కాదు. పోయిన మామగారు తీసిన పాత ఫోటోలు ఆ సైటులో తప్ప ఎక్కడా లేవు. కప్పు కారి నెగటివులు అతుక్కుపోయాయి. స్కాన్ చేసి దాచిన డిస్కు చచ్చిపోయింది. ఓసారి మూడో ప్లగిన్ ఆపి చూస్తే ముఖాల చోట బూడిదరంగు పెట్టెలు. వెంటనే ఆన్ చేసేసింది.

"ఇది చూడు," అన్నాడు మరిది. తెర మీద, ఇప్పుడు లేని అత్తగారిని పెళ్ళైన కొత్తలో మామగారు తీసిన ఫోటో. "అమ్మ మొహం బూజు పట్టిన గోడలా లేదూ?"

వదిన కళ్ళజోడు తుడుచుకుంది. నిజమే. కనుబొమల చోట గళ్ళు, చెంప మీద మరకలు. పిండిన కొద్దీ అరిగిపోతున్నాయి. తీస్తే పోతాయని ఇన్నాళ్ళూ వణికింది, తీయకపోబట్టే పోతున్నాయి.

"నేనే చేశానా?"

"కాదు, పక్కింటి పిల్లి చేసింది. జరుగు, అన్నీ డిలీట్ కొడతా."

"ఆగరా! మొదటిదాని పక్కన ఏదో రాసుంది, చదవనీ."

మొదటి ప్లగిన్ అసలు ఫోటోలను విడిగా దాచి ఉంచిందట. దాన్ని తీసేస్తే అవీ పోతాయట. మరిది మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

"నొక్కి ఉంటే మీ అమ్మ రెండోసారి పోయేది," అంది వదిన.

ముందు సైటు మొత్తాన్నీ కొత్త డిస్కులోకి దించుకున్నారు. తర్వాత రెండోది ఆపారు. మూడోది ఆపగానే మళ్ళీ అవే బూడిదరంగు పెట్టెలు. వదిన చెయ్యి మౌస్ మీదికి ఉరికింది. మరిది ఆవిడ మణికట్టు పట్టేసుకున్నాడు.

"ఆన్ చెయ్యకు. సైటు దాచుకున్న పాత పేజీలవి, ఇంకా మూడోదాని నకళ్ళనే వెతుక్కుంటున్నాయి. తుడుస్తానుండు."

తుడిచాడు. పై వరస నుంచి ముఖాలు ఒక్కొక్కటే తేలాయి. మొదటి ప్లగిన్ దాచిన అసలు ఫోటోలను తిరిగి పెట్టించాక, అత్తగారి కనుబొమలు వెంట్రుక వెంట్రుకగా కనిపించాయి. పేజీ ఇట్టే తెరుచుకుంది. మరిది ఈల వేశాడు.

వదిన మాత్రం నవ్వలేదు. పెళ్ళిళ్ళ ఫోటోలు ఎక్కిన కొద్దీ సైటు మళ్ళీ నెమ్మదిస్తుంది. అప్పుడు తన చెయ్యి ఏం చేస్తుందో ఆవిడకు బాగా తెలుసు.

"ఒరేయ్, నాకొక్క పని చేసిపెట్టు. ఫోటోలు ఎక్కించే వీలు ఒక్కటే నాకుంచి, ప్లగిన్లు పెట్టే వీలు తీసేయ్. ఏడ్చి అడిగినా మళ్ళీ ఇవ్వకు."