మావయ్యగారి రెండు సీట్ల కారు

పెళ్ళయి కడియం వచ్చిన మొదటి వారంలోనే నేను ప్రేమలో పడ్డాను. మా ఆయనతో అనుకునేరు. ఆయనతో ఇంకా మొహమాటమే తీరలేదు. నేను పడింది మావయ్యగారి కారుతో.

మా నర్సరీలో గులాబీ మొక్కల వరసలు దాటాక ఒక రేకుల షెడ్డు ఉండేది. మా ఆయన తాళం తీసి, కప్పి ఉన్న పాత దుప్పటి లాగారు. లోపల పండుమిరప రంగులో, నేలకు ఆనుకుని కూర్చున్నట్టుగా రెండు సీట్ల కారు. పొడుగాటి ముక్కు, గుండ్రటి లైట్లు, సైకిలుకున్నట్టు చువ్వల చక్రాలు, చెక్క స్టీరింగు. టాపు లేదు. సీట్లో కూర్చుని చెయ్యి కిందకి చాపితే రోడ్డు మీద ముగ్గు పెట్టొచ్చు, అంత కిందకి ఉంది. భీమవరంలో అంబాసిడర్లు చూసి పెరిగినదాన్ని, కారుకి ఇంత సోకు ఉంటుందని నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం దాని చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేశానో మా ఆయన చాలా కాలం అందరికీ చెప్పుకుని నవ్వారు.

ఆ కారు ఎప్పుడో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిందట. ఒక పాత రైసు మిల్లు గోడౌనులో, ఊక బస్తాల చాటున, సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటుండగా మావయ్యగారి కంటపడింది. మొక్కల లోడు దింపడానికి వెళ్ళిన మనిషి, తిరుగు లారీలో కారు వేసుకుని వచ్చారు. ఇక ఏళ్ళ తరబడి ఆయనకు వేరే లోకం లేదు. బొంబాయికీ కలకత్తాకీ వెళ్ళే ప్రతి మొక్కల లారీ డ్రైవరు చేతిలోనూ ఒక విరిగిన ముక్క పెట్టి, ఇలాంటిది ఎక్కడన్నా దొరుకుతుందేమో చూడండి అనేవారట. ఇక్కణ్ణించి మొక్కలు వెళ్ళేవి, అక్కణ్ణించి కార్బురేటర్లు వచ్చేవి. దొరకనివి రాజమండ్రిలో లేతు మీద చేయించారు. రంగు వేసే రోజు దుమ్ము లేవకుండా మొక్కలకు కొట్టే పైపులతో షెడ్డు చుట్టూ నేలంతా తడిపించారు. ఇంట్లో పోపు కూడా పెట్టనివ్వలేదట, ఘాటుకి పెయింటరు తుమ్ముతాడని.

"పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో," అనేవారు మా అత్తయ్యగారు.

కారు తయారైనప్పటి నుంచీ మావయ్యగారి పక్కన కూర్చోవాలని ఊళ్ళో ఆశపడనివాళ్ళు లేరు. నేనైతే సిగ్గు వదిలేసి అడిగేశాను.

"ఆ సీటు మీ అత్తయ్యదమ్మా," అన్నారు మావయ్యగారు. "ముందు ఆవిడ ఎక్కాలి. తర్వాత నీ ఇష్టం, రోజూ ఎక్కు."

ఆవిడ ఎక్కితే చాలు కదా అని పరుగెత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్యగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"ఒక్కసారి ఎక్కితే ఏంటండీ అత్తయ్యగారూ?"

"ఎందుకెక్కాలే? ఇద్దరే పట్టే బండి ఏం బండి? చుట్టం వస్తే ఎక్కడ కూర్చోబెడతాం, ఆయన నెత్తినా?"

"చుట్టాల సంగతి సరేనండి. మీకేంటి?"

ఆవిడ గొంతు తగ్గించారు. "టాపు లేని బండిలో మొగుడి పక్కన కూర్చుని ఊరేగడానికి నేనేమన్నా పెళ్ళికూతుర్నా? నలుగురూ నవ్వుతారు."

అప్పటికి గాని నాకు విషయం అర్థం కాలేదు. ఆ ఇంట్లో కారెక్కితే మగాళ్ళు ముందు, ఆడాళ్ళు వెనక. సినిమాకి వెళ్ళినా ఆయనొక వరస, ఈవిడ తోడికోడళ్ళతో ఇంకో వరస. కొడుక్కి పెళ్ళి చేసిన దంపతులు నలుగురి ముందూ పక్కపక్కన కూర్చున్నది పూజ పీటల మీద తప్ప ఎక్కడా లేదు. ఆ సీటు వీపు దగ్గర మావయ్యగారు దూది ఎక్కువ పెట్టించారు, ఆవిడ నడుం నొప్పికని. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. నాకు ఇద్దరి మీదా ముద్దూ వచ్చింది, కోపమూ వచ్చింది.

మా వైపు బండి ఏదైనా ముందు పూజకి అన్నవరం వెళ్ళాలి. ఎలాగూ వెళ్తున్నాం కదా అని సత్యనారాయణస్వామి వ్రతం కూడా పెట్టుకున్నారు. చుట్టాలకు ఒక వ్యాను మాట్లాడారు. తెల్లారకుండానే అత్తయ్యగారు అందరికంటే ముందు వ్యాన్లో వెనక సీటుకి చేరిపోయారు. మావయ్యగారు ఆ ఖాళీ సీట్లో కొబ్బరికాయల బస్తా పెట్టుకుని బయల్దేరారు. మేమిద్దరం బైకు మీద ఆ కారు వెనకే. హైవే మీద ఎదురొచ్చే లారీవాళ్ళు హారన్లు కొట్టి చేతులూపుతున్నారు. జగ్గంపేట దగ్గర ఒక బస్సు కారు పక్కనే నెమ్మదిగా నడిచింది, కిటికీకి నాలుగు తలకాయల చొప్పున. నాకు ఆనందం పట్టలేక మా ఆయన వీపు మీద దరువేశాను. కానీ ఆ గోనె బస్తా కళ్ళబడ్డప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

కొండ మీద కారుకి పూజ జరిగింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పూజారిగారు గిన్నెడు పసుపు ముద్దతో ముందు రేకు మీదకి వస్తే, అద్దం మీద పెట్టండి బాబూ అని మావయ్యగారు రెండు చేతులూ జోడించారు. తర్వాత వ్రతం. మావయ్యగారి అక్కగారు వచ్చి తమ్ముడి కండువాకీ మరదలి కొంగుకీ ముడి వేశారు. వాళ్ళింటి ఆనవాయితీ ఏంటంటే, ముడి వేసిన ఆడపడుచే విప్పాలి. విప్పినందుకు ఆవిడకి చీర పెట్టాలి. ఇంకొకరు దాని మీద చెయ్యి వేయకూడదు.

వ్రతమయ్యాక ప్రసాదం కోసం జనం తోసుకున్నారు. ఆ పెద్దావిడకి మోకాళ్ళ నొప్పులు. ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించి, ఒళ్ళో ప్రసాదం పొట్లాలు పెట్టి వ్యానెక్కించారు. దంపతులు వెనక కారులో వస్తారనుకున్నారో ఏమో, వ్యాను కదిలిపోయింది. మేం బయటికొచ్చేసరికి ఎర్ర కారూ, మా బైకూ, ముడితో ఉన్న ఇద్దరూ మిగిలారు. అప్పటికి ఎవరి చేతిలోనూ ఫోన్లు లేవు.

"కండువా తీసి నీకిచ్చేస్తాను, బస్సులో వచ్చేయ్," అన్నారు మావయ్యగారు.

"ముడి ఉండగా కండువా భుజం దించుతారా ఎవరన్నా? అపచారం," అన్నారు అత్తయ్యగారు.

"పోనీ ఇద్దరం బస్సులో పోదాం. కారు అబ్బాయి తెస్తాడు."

మా ఆయన చటుక్కున, "నాకా గేర్లు రావు నాన్నా," అన్నారు. షెడ్డు చుట్టూ ఆ కారుని ఆయన తిప్పడం నేను కళ్ళారా చూశాను. అదిగో, మా ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది ఆ క్షణంలోనే.

ముడి పొట్టిది. ఇద్దరూ ఒకే తలుపు నుంచి ఎక్కాలి. ముందు మావయ్యగారు పంచె ఎగ్గట్టి, ఎడమ తలుపులోంచి దూరి, గేరు రాడ్డు మీదుగా మోకాళ్ళ మీద పాకారు. ఆయన పాకుతుంటే ముడి లాగి, పట్టుచీరలో అత్తయ్యగారు నడుం వంచుకుని ఆయన వెనకే. కొండకొచ్చిన భక్తులు చుట్టూ చేరారు. కాలు ఇటు పెట్టండమ్మా అని ఒకరు, తల వంచండని ఒకరు. "మీ పని మీరు చూసుకోండి బాబూ," అని గదమాయిస్తూ అత్తయ్యగారు సీట్లో కూలబడ్డారు. సరిగ్గా ఆ దూది మీద నడుం ఆనింది. ఒక్క క్షణం ఆవిడ మొహం మెత్తబడటం నేను చూశాను.

ఘాట్ రోడ్డు దిగేవరకు ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకునే ఉన్నారు. కానీ మావయ్యగారు గేరు మార్చినప్పుడల్లా ముడి లాగి ఆ కొంగు జారిపోతోంది. హైవే ఎక్కాక ఆవిడ దాన్ని వదిలేశారు. జడలోని కనకాంబరాలు గాలికి ఊడి మా మీదకి వచ్చాయి. కాసేపటికి అత్తయ్యగారు వేలు చూపించి ముందున్న లారీని దాటమంటున్నారు. నేను బైకు మీద పడీ పడీ నవ్వాను, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

ఇంటి గేటు దగ్గర ఆడపడుచుగారు కంగారుగా నిలబడి ఉన్నారు. "నా మతి మండ, ముడి మర్చిపోయానే," అంటూ కారు పక్కకొచ్చి చేతులు చాపారు.

అత్తయ్యగారు కొంగు వెనక్కి తీసుకున్నారు. "తొందరేముంది వదినగారూ. పొద్దుంది కదా, ద్రాక్షారామం దాకా వెళ్ళి భీమేశ్వరుణ్ణి చూసొస్తాం."

మావయ్యగారు రివర్సు గేరు కోసం చెయ్యి చాపారు. రాడ్డుకి అడ్డం రాకుండా అత్తయ్యగారే ఆ ముడిని ఎత్తి పట్టుకున్నారు.