కోలుకున్నాడని రాసింది నేనే

నా నోటికి భయపడని వాళ్ళు గల్ఫ్‌లో మేముండే పేట ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో లేరు. కిరాణా కొట్టువాడు నన్ను చూడగానే తూకం సరిచూసుకుంటాడు. అలాంటి నేను ఒక్క అబద్ధాన్ని ఇన్నేళ్ళు నోట్లో పెట్టుకుని తిరిగాను. కక్కలేదు, మింగలేదు. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెబుతున్నాను.

మొన్న భోజనం దగ్గర మా ఆయన ఫోన్‌లో ఒక వార్త చదివాడు. అమెరికాలో నొప్పి మాత్రలు అమ్మి జనాన్ని వాటికి బానిసల్ని చేసిన కంపెనీలు రాజీ కింద కట్టిన సొమ్ము అక్కడి ఊళ్ళ పాలకుల చేతికి వచ్చిందట. కొందరు దాన్ని వేరే పనులకు వాడేసి, లెక్కల్లో మాత్రం నివారణ కోసం అని రాశారట. మామూలుగా అయితే కంచం పక్కకు నెట్టి మరీ ఏకేసేదాన్ని. ఆ రోజు పప్పు కలుపుకుంటూ ఊరుకున్నాను. ఒంట్లో బాగాలేదేమోనని ఆయన నా నుదురు పట్టి చూశాడు.

ఒళ్ళు బాగానే ఉంది. నేనూ ఆ పనే చేశాను, అంతే.

ఊరి బయట బిర్కత్ అల్ అవామిర్‌లో కొన్ని కార్మికుల క్యాంపులకు వైద్యం చూసే ఒక ప్రైవేటు క్లినిక్ ఉండేది. నడుం నొప్పి అన్న ప్రతివాడికీ గట్టి మాత్రలు గుప్పెళ్ళతో ఇచ్చింది. అవి లేనిదే డ్యూటీకి లేవలేని స్థితికి వచ్చారు కొందరు. గొడవ ముదిరాక క్లినిక్ రాజీకి వచ్చి, వాళ్ళ చేత ఆ మాత్రలు మాన్పించడానికని ఏటా కొంత సొమ్ము ఇవ్వడానికి ఒప్పుకుంది. ఖర్చుపెట్టే బాధ్యత మా తెలుగు సంఘానిది. ఏటా ఆడిటరుకు నివేదిక ఇవ్వాలి. డిగ్రీ చదివాను, ఇంగ్లీషు వచ్చు, ఎవరితోనైనా వాదిస్తాను. ఆ పని నాకు అప్పజెప్పారు.

క్యాంప్‌లో కౌన్సెలింగ్ గది తెరిచి తలుపు మీద బోర్డు పెట్టాం. ఎవరొస్తారు? లోపల అడుగుపెట్టినవాడి పేరు సాయంత్రానికల్లా ఫోర్‌మన్‌కు తెలుస్తుందనీ, ఆ తర్వాత ఇంటికి టికెట్టేననీ వాళ్ళ భయం. అంత చదువుకున్న నాకు ఆ మాత్రం తట్టలేదు. ఏడాది ముగియవస్తున్నా సొమ్ము కదలకుండా ఉంది. ఖర్చు చూపకపోతే వెనక్కి పోతుంది.

అప్పుడు బతుకమ్మ వచ్చింది.

ఇది చెప్పేటప్పుడు సిగ్గుపడాలి కదా, నాకేమో నవ్వొస్తోంది. ఆడవాళ్ళు లేని క్యాంప్‌లో తెలంగాణ మగవాళ్ళు, ఆ మీసాలతోనే, వంగి చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరిగారు. తంగేడు దొరక్క బంతిపూలూ రంగు కాగితాలూ పేర్చారు. పక్క బ్లాకు నేపాలీలు చూడ్డానికి వచ్చి, కాసేపటికి వాళ్ళూ ఆటలో కలిశారు. ఆ ఏటి సొమ్మంతా పూలకూ, డప్పులకూ, మటన్ బిర్యానీకీ పోయింది. డప్పు కొట్టింది రాజన్న. జగిత్యాల వైపువాడు, పరంజాలు కట్టే పని. మాది కాకినాడ, మా వైపు ఈ పండగ లేదన్నాను.

"మరి పండుగ లేకుంట యాడాదంత ఏం జేస్తరక్కా, పేపర్లు రాస్తరా?" అన్నాడు. క్యాంప్ క్యాంపంతా నవ్వింది.

ఇంటికెళ్ళి పేపరే రాశాను. పండగను 'సామూహిక చికిత్స' చేశాను. నివేదికలో ఎవరైనా బాగుపడిన మనిషి కథ కూడా కావాలన్నారు, పేరుతో సహా. రాజన్న ఆ మాత్రలు వాడేవాడని తెలుసు. అంత హుషారుగా డప్పు కొట్టినవాడు మానేసే ఉంటాడని నిజంగానే అనుకున్నానా? అలా అనుకుంటే పని తేలికవుతుందని అనుకున్నానా? పూర్తిగా కోలుకున్నాడని రాశాను. మంచి ఇంగ్లీషు. ఆడిటరు మెచ్చుకున్నాడు.

మరుసటి ఏడు రాజన్న మా మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, గా గోలీలు ఇడుస్తలేవు. పండుగనాడు గూడ ఏస్కునే డప్పు కొట్టిన. జర డాక్టర్ దగ్గరికి తోలుండ్రి. దానికే పైసలు ఉన్నయంట గదా."

"కనుక్కుంటాను రాజన్నా."

కనుక్కున్నాను. ఆడిటరు నా నివేదికే తీసి నాకు చూపించాడు. కోలుకున్నవాడికి మళ్ళీ చికిత్స ఏమిటన్నాడు. అబద్ధం రాశానని ఒక్క మాట అంటే చాలు. ఊళ్ళో అందరి తూకాలూ సరిచేసే దాన్ని, నా వంతు వచ్చేసరికి థాంక్స్ చెప్పి లేచి వచ్చేశాను. రాజన్నకు ఫోన్ చేసి రూల్స్ ఒప్పుకోవన్నాను. "సరే తియ్యక్కా, మీరేం జేస్తరు" అన్నాడు. నేనే చేశానని అతనికి తెలియదు.

వీసా రద్దు చేసుకుని ఇంటికి పోయాడు. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే ఊరు ఊరంతా, దుబాయ్ నుంచి ఉత్త చేతులతో వచ్చిండని అందట. ఊళ్ళోనే, నానా యాతనా పడి ఆ మాత్రలు మానేశాడు. తిరిగి వచ్చి ఇప్పుడు ఇక్కడే లుసైల్‌లో పని చేస్తున్నాడు. మొన్న వార్త విన్న సాయంత్రమే అతని వాయిస్ మెసేజ్ వచ్చింది. "అక్కా, ఈసారి బతుకమ్మకు గోలీ లేకుంట కొడ్త. పేపర్లు ఇంటికాడ పెట్టి రాండ్రి."

ఎన్నిసార్లు విన్నానో. వంటింట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. అతను బాగుపడ్డాడు కాబట్టి నా తప్పు తగ్గుతుందా? బాగుపడింది అతను. అందులో నా చెయ్యి లేదు.

ఈ ఉదయం ఆడిటరుకు రాశాను. ఆ సొమ్ము పండక్కి పోయిందని, కోలుకున్నాడన్న మనిషి అప్పటికి కోలుకోలేదని, నా రాత వల్లే అతనికి వైద్యం అందలేదని. తర్వాత రాజన్నకు ఫోన్ చేసి అదే చెప్పాను. అతని వెనక లిఫ్టు చప్పుడు వినిపిస్తోంది. "డ్యూటీ టైమైంది అక్కా" అని పెట్టేశాడు. పండక్కి రావద్దనలేదు. రమ్మని మళ్ళీ అననూ లేదు.

వెళ్తాను. దూరంగా నిలబడైనా ఆ డప్పు వింటాను.

మధ్యాహ్నం పప్పులో ఉప్పెక్కువైందని మా ఆయన అన్నాడు. కంచం పక్కకు నెట్టి, టీ వేళ దాకా వాదించాను. ఆయన హాయిగా ఓడిపోయాడు. నోరు ఖాళీగా ఉంటే మాట ఎంత బాగా తిరుగుతుందో నాకు ఇన్నాళ్ళూ గుర్తే లేదు.